నాన్న ఎడమ చెవి

మా వదిన సునీత ఫోన్ చేసిందంటే ముందు నా మోకాళ్ల సంగతి అడుగుతుంది, తరవాత ఇందిరాపురంలో వాళ్ల సొసైటీ లిఫ్టు మళ్లీ ఆగిపోయిందని చెబుతుంది, ఆ పైన గానీ అసలు విషయానికి రాదు. మొన్న చలికాలంలో ఒక మధ్యాహ్నం ద్వారకలో మా ఇంటి బాల్కనీలో ఎండకు కూర్చుని మెంతికూర గిల్లుతుంటే ఫోన్ చేసింది. ఆ వరసేమీ లేకుండా, గొంతు బాగా తగ్గించి, "పద్మా, మీ అన్నయ్య తాగుతున్నారేమోనని నాకు షక్‌గా ఉంది" అంది. నాకు నవ్వొచ్చింది. మా అన్నయ్య పెళ్లిళ్లలో కూల్‌డ్రింకు కూడా వాసన చూసి తాగే మనిషి. ఆ మాటే అన్నాను. "అచ్ఛా, అయితే విను" అంది వదిన. "పొద్దున పార్కు నుంచి వస్తూ గేటు దగ్గర గార్డ్ భయ్యా పట్టుకుంటే గానీ నిలబడలేకపోయారట. ఆ మాట నాకు గార్డ్ చెప్పాడు, ఈయన కాదు. అడిగితే కుఛ్ నహీ అంటారు. బాత్రూంలోకి వెళ్లి కుళాయి పూర్తిగా తిప్పేసి వాంతి చేసుకుంటారు, నాకు వినపడకూడదని. నేనేమైనా పాగల్‌నా?" ఆవిడ ఢిల్లీలోనే పుట్టి పెరిగింది. కోపమొస్తే తెలుగూ హిందీ కలిసే వస్తాయి.

మర్నాడు మెట్రో ఎక్కి వైశాలి దాకా వెళ్లి, అక్కడ ఆటో మాట్లాడుకుని వాళ్లింటికి చేరాను. అన్నయ్య హాల్లో సోఫాకు ఒక మూలగా ఒరిగి కూర్చున్నాడు. టీవీలో క్రికెట్ నడుస్తోంది గానీ శబ్దం లేదు. నన్ను చూసి లేవబోయి, లేవకుండానే, "ఏంటే, చెప్పాపెట్టకుండా వచ్చావు? మీ వదిన పిలిచిందా?" అన్నాడు. ఆ ప్రశ్నలో కూడా అనుమానమే. వాళ్లిద్దరూ ఒకరినొకరు దొంగల్ని చూసినట్టు చూసుకుంటున్నారు. చలిగా ఉంది కదా అని అతని భుజం మీద శాలువా సర్దే నెపంతో వంగి, ఊపిరి పీల్చి వాసన చూశాను. ఏలకుల వాసన. ఇంట్లో కూర్చున్న మనిషికి పొద్దున్నే ఏలకులు నమిలే అవసరం ఏమిటని నా మనసు అప్పుడే లెక్క కట్టేసింది. అంతలో, నేను చేసిన పని నాకే తెలిసొచ్చి, వంగిన నడుం అలాగే ఉండిపోయింది. అలా శాలువా సర్దుతూ, చొక్కా గుండీ సరిచేస్తూ, మొహం దగ్గరికి మొహం తెచ్చి ఊపిరి పీల్చడం నాకు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మా అమ్మ అలా మా నాన్నను వాసన చూసేది.

మేం అప్పుడు ఆర్.కె.పురం గవర్నమెంటు క్వార్టర్లలో కింది వాటాలో ఉండేవాళ్లం. రెండు గదులు, ఒక వరండా, వెనక తులసిమొక్కకూ బట్టలతీగకూ సరిపడా చోటు. ఎండాకాలమంతా ఆ ఇంట్లో తడిసిన ఖస్ తడికల, అంటే వట్టివేళ్ల, వాసన ఉండేది, దాని అడుగున కిరసనాయిలు స్టవ్ వాసన, ఈ రెంటినీ చీల్చుకుని అమ్మ పెట్టే ఇంగువ తిరగమోత. నాన్న ఒక మంత్రిత్వ శాఖలో స్టెనోగ్రాఫరు. పొద్దున్నే వరండాలో కూర్చుని పెన్సిళ్లు చెక్కుకునేవాడు. ముక్కు మరీ సన్నగా ఉండకూడదు, మొద్దుగానూ ఉండకూడదు. చెక్కిన ప్రతిదాన్నీ అరచేతి మీద గీసి చూసుకునేవాడు. రేడియోలో ఇంగ్లీషు వార్తలు వస్తుంటే ఆయన కుడిచేతి చూపుడువేలు తొడ మీద దానంతటదే షార్ట్‌హ్యాండ్ గీతలు గీసేది. చదివేవాడి మాట పూర్తికాకముందే వేలు ఆగిపోయేది. "వాడి కంటే నేనే ముందున్నా చూశావా" అని నావైపు చూసి కనుబొమలెగరేసేవాడు. అంత గర్వం ఆయనకు మరి దేనిలోనూ ఉండేది కాదు. చిత్రమేమిటంటే ఆయనకు పనిచేసేది ఒక చెవే. చిన్నప్పుడు చీము పట్టి కుడిచెవి ఎప్పుడో మందగించింది. లోకమంతా ఎడమచెవిలోంచే లోపలికి వెళ్లాలి. అందుకే బస్సులో, పెళ్లిపందిట్లో, ఆఫీసులో ఎక్కడైనా ఆయన మనుషులకు కుడిపక్కగా చేరి, ఎడమచెవిని వాళ్లవైపు పెట్టుకునేవాడు.

ఆ ఎడమచెవిలో ముందు మోత మొదలైంది. అది చెవిలోదని నాన్నకు తెలియలేదు. ఎక్కడో మోటారు తిరుగుతోందనుకున్నాడు. గోడకు చెవి ఆనించి విన్నాడు, కుళాయి గొట్టాలు పట్టుకుని చూశాడు, చివరికి పైవాటా పంజాబీ ఆంటీ వాళ్లు రహస్యంగా నీళ్ల మోటారు పెట్టుకున్నారని తేల్చి, పైకి వెళ్లి ఆపమని అడిగాడు. "ఏ మోటర్ భాయీసాబ్? వచ్చి చూసుకోండి" అని ఆవిడ తలుపులన్నీ తెరిచింది. మోటారు లేదు. నాన్న తలవంచుకుని దిగివచ్చాడు. ఆ రోజునుంచీ ఆవిడ ఆయన్ని ఓరగా చూడడం మొదలుపెట్టింది. మోత పెరిగినప్పుడు వినికిడి తగ్గేది, తగ్గినప్పుడు మళ్లీ వచ్చేది. ఒకరోజు గిన్నె మీద గరిటె తగిలినా చెవి మూసుకుని బాధపడేవాడు, ఆ మర్నాడు అమ్మ వీధితలుపు దగ్గరినుంచి అరిచినా పలికేవాడు కాదు. నా గొంతు సన్నం కాబట్టి నేను పిలిస్తే తిరిగేవాడు. పక్కింటి వాళ్ల బొంగురు గొంతు పెద్దాయన పలకరిస్తే గోడను పలకరించినట్టే. చూసేవాళ్లకు ఇదెలా ఉంటుందో ఆలోచించండి. "వినదలచుకున్నది వింటారు, లేకపోతే లేదు" అనేది అమ్మ. నేనూ అదే అనుకున్నాను.

ఆఫీసులో సంగతి ఇంకా చెడ్డగా నడిచింది. నాన్న సాహెబుది బావిలోంచి వచ్చినట్టుండే గొంతు. ఒకనాడు ఆయన చెప్పిన డిక్టేషన్‌లో నాన్న 'నాట్' అన్న చిన్న మాట వదిలేశాడు. ఎవరికో అనుమతి ఇవ్వకూడదని చెబితే, ఇవ్వాలని టైపు చేసి పట్టుకెళ్లాడు. సంతకం పెట్టబోతూ సాహెబు పట్టుకున్నాడు కాబట్టి కొంప మునగలేదు. కానీ ఆ మాట పొరపాటున పోయిందని అక్కడ ఒక్కరూ అనుకోలేదు. అవతలివాళ్లు స్టెనోను డబ్బుతో కొన్నారని సెక్షనంతా గుసగుసలు. సాహెబు తలుపు వేయించి, "సుబ్బారావ్, తాగి వస్తున్నావా, వినపడనట్టు నటిస్తున్నావా, ఎవరికైనా అమ్ముడుపోయావా? మూడింట్లో ఏదో ఒకటి చెప్పు" అన్నాడట. నాన్న ఆ సాయంత్రం వరండాలో కూర్చుని అమ్మతో ఈ మాట చెప్పాడు. అమ్మ ఓదారుస్తుందని ఎదురుచూసి ఉంటాడు. అమ్మ "మూడింట్లో ఏది?" అని అడిగింది.

ఆ వేసవిలోనే నాయనమ్మ వచ్చింది. తెనాలి దగ్గర మా ఊరినుంచి రైల్లో కొత్త ఆవకాయ జాడీ, మాగాయ, ఊరుమిరపకాయలు, గుమ్మడి వడియాలు మోసుకుని, తోడు మా అన్నయ్యను తీసుకుని దిగింది. అన్నయ్య తెలుగు మీడియంలో చదవాలని విజయవాడలో మా మేనమామ ఇంట్లో ఉంచారు. సెలవులకు మాత్రమే ఢిల్లీ వచ్చేవాడు. నాయనమ్మది మగరాయుడి గొంతు. పొలంలో ఆ గట్టున నిలబడి కేకేస్తే ఈ గట్టున ఎడ్లు ఆగిపోయేవని చెప్పుకునేవాళ్లు. ఇంట్లో అడుగుపెట్టగానే, "ఒరే సుబ్బారావూ!" అంది. నాన్న వెనక్కి తిరిగి పెన్సిలు చెక్కుకుంటున్నాడు, తిరగలేదు. "ఒరే నాయనా!" అంది మళ్లీ. లేదు. నేను "నాన్నా" అన్నాను. వెంటనే తిరిగాడు. నాయనమ్మ మొహం ఆ క్షణంలో ఎలా మారిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆవిడ నావైపు చూడలేదు, నాన్నవైపు చూడలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మవైపు చూసింది.

కొద్దిరోజులకే ఒక ఆదివారం నాన్న నన్నూ అన్నయ్యనూ ఐ.ఎన్.ఎ. మార్కెట్‌కు తీసుకెళ్లాడు. కరివేపాకూ దోసకాయలూ మనవైపు బియ్యమూ అక్కడే దొరికేవి. కూరలసంచి అన్నయ్య చేతిలో ఉంది. చేపల వరస దాటుతుండగా నాన్న ఉన్నట్టుండి ఒక ఇనప స్తంభాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు. తరవాత ఆ స్తంభం పట్టుకునే కిందికి జారి, తడినేల మీద కూర్చుని, పక్కకు వాలిపోయి వాంతి చేసుకున్నాడు. "భూమి తిరుగుతోందిరా, పట్టుకోండి, పట్టుకోండి" అంటున్నాడు. ఏం పట్టుకోమంటున్నాడో మాకు తెలియలేదు. చుట్టూ మనుషులు చేరారు. "సుబహ్ సుబహ్ పీ లీ" అని ఎవరో నవ్వారు, పొద్దున్నే పట్టించాడని. ఆ గుంపులో మా పైవాటా ఆంటీ కూడా ఉంది. ఆవిడే ఆటో పిలిచి మమ్మల్ని ఎక్కించింది, మంచి మనిషే. కానీ సాయంత్రానికి మా మెట్లదారి మొత్తానికి ఆ సంగతి తెలిసిపోయింది. అన్నయ్య ఆటోలో కూరలసంచి ఒళ్లో పెట్టుకుని, నాన్నకు తగలకుండా పక్కకు జరిగి కూర్చున్నాడు.

ఆ రోజునుంచే అమ్మ వాసన చూడడం. నాన్న ఆఫీసునుంచి గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురెళ్లి సంచి అందుకునే నెపంతో మొహం దగ్గరికి మొహం తెచ్చేది. చేతిరుమాలు ఉతికే ముందు ముక్కు దగ్గర పెట్టుకునేది, కోటు జేబులు తడిమేది. ఏమీ దొరికేది కాదు. దొరక్కపోవడం అనుమానాన్ని తగ్గించలేదు. దాచడంలో ఆరితేరాడని అనుకుంది. నాయనమ్మ అనుమానం వేరే దారిన నడిచింది. మా వైపు భర్తను చెప్పుచేతల్లో పెట్టుకోవడానికి పెళ్లాం అన్నంలో మందు పెడుతుందని ఒక నమ్మకం ఉండేది. ఆ మందు తిన్నవాడు తల్లి మాట వినడట, అన్నం ఇమడదట, కళ్లు తిరుగుతాయట. "నా గొంతు వాడి చెవికెక్కట్లేదంటే ఇంకేముంటుందే? పెట్టేసిందే, నా కొడుక్కి మందు పెట్టేసిందే" అని అమ్మ వినేలాగే నాతో అనేది. వంటిల్లు తన చేతిలోకి తీసుకుంది. నాన్నకు తనే వండి, తనే వడ్డించి, అన్నంలో అరచేతి మందాన ఆవకాయ కలిపి, మజ్జిగలోకి ఊరుమిరపకాయలు వేయించి పెట్టేది. పెట్టినకొద్దీ నాన్నకు ఆ తిరుగుడు ఎక్కువయింది. "చూశావా, లోపల పాతుకుపోయింది" అనేది నాయనమ్మ.

బళ్లు తెరుస్తారని మా మేనమామ వచ్చి అన్నయ్యను విజయవాడ తీసుకెళ్లిపోయాడు. రైలెక్కేటప్పుడు నాన్న తల నిమరబోతే అన్నయ్య తల పక్కకు తిప్పుకున్నాడు. బెంగ అనుకున్నాం.

తరవాత నాయనమ్మ యమున అవతల ఒక బస్తీలో మందు కక్కించే మనిషిని పట్టుకుంది. మనవైపునుంచి వలస వచ్చినవాడే. నాన్న ఇంగ్లీషు చదువుకున్నవాడు, ఇలాంటివాటిని నవ్వేవాడు. కానీ ఉద్యోగం అంచున నిలబడ్డ మనిషికి నవ్వు ఎక్కడినుంచి వస్తుంది? సరేనన్నాడు. ఒక మధ్యాహ్నం అందరం వెళ్లాం. వాడు ఏదో పసరు తాగించి, వీపు మీద చరిచి, నాన్న కక్కుతున్నప్పుడు నోటికింద దోసిలి పట్టాడు. కాసేపటికి ఆ దోసిట్లోంచి వెంట్రుకలు చుట్టిన ఒక ఉండ తీసి పైకెత్తి చూపించాడు. నాయనమ్మ గుండెలు బాదుకుంది. అమ్మ అంతవరకూ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడుస్తుందనుకున్నాను. అమ్మ ముందుకు వచ్చి, ఆ ఉండ వాడి చేతిలోంచి తీసుకుని, పక్కనే పడివున్న కాగితంలో చుట్టి కొంగున కట్టుకుంది. "ఏం చేస్తావే దాన్ని?" అంది నాయనమ్మ. "ఇందులో ఉన్నవి నా వెంట్రుకలో కాదో చూపించుకొస్తాను అత్తయ్యా" అంది అమ్మ.

మర్నాడు పొద్దున్నే అమ్మ నాన్ననూ నన్నూ వెంటబెట్టుకుని పెద్ద సర్కారు ఆస్పత్రికి బయలుదేరింది. అమ్మకు హిందీ కూరల బేరానికే సరిపోయేది. డాక్టర్‌తో మాట్లాడ్డానికి నేను కావాలి. నాన్నకు సరిగా వినపడడంలేదని చూసి చీటీ రాసేవాళ్లు చెవిముక్కు విభాగానికి పంపారు. అక్కడ ఒక బెంగాలీ డాక్టరమ్మ ఉండేది. తెల్లజుట్టు, సోడాబుడ్డి కళ్లద్దాలు, ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక. అమ్మ ముందు జబ్బు సంగతి చెప్పించలేదు. కొంగు విప్పి ఆ పొట్లం బల్లమీద పెట్టి, "ఇది ఈయన కడుపులోంచి వచ్చిందో కాదో అడుగు" అంది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అడిగాను. డాక్టరమ్మ నవ్వలేదు. పటకారుతో ఆ ఉండను పట్టుకుని రెండుగా చీల్చింది. పైన జిగటగా ఉంది. లోపలినుంచి పొడిపొడిగా దుమ్ము రాలింది. "కడుపులో నానినదైతే లోపలా తడిసి ఉండేది. ఇది నిన్నటిదాకా ఎవరి పిడికిట్లోనో ఉంది. మీ అమ్మకు చెప్పు" అంది నాతో. చెప్పాను. అమ్మ తల ఊపింది. అంతే. కానీ ఆ బస్తీనుంచి వచ్చినప్పటినుంచీ బిగబట్టిన ఊపిరేదో అప్పుడు వదిలింది.

మోత, వినికిడి సంగతులు అడిగి తెలుసుకుని, నాన్నను పరీక్షించడానికి మరో గదికి తీసుకెళ్తుంటే వరండాలోనే ఆ తిరుగుడు వచ్చింది. నాన్న గోడ పట్టుకుని నేలమీద కూలబడ్డాడు. డాక్టరమ్మ కుర్చీ కూడా అడగకుండా ఆయన పక్కనే నేలమీద కూర్చుని, రెండు వేళ్లతో రెప్పలు విడదీసి చూసి, "ఇటు రా, నువ్వు చూడు" అని అమ్మను పిలిచింది. అమ్మ వంగింది. నేనూ వంగాను. నాన్న కనుగుడ్లు రెండూ ఒక పక్కకు మెల్లగా జారుతున్నాయి, ఎవరో గుంజినట్టు ఠక్కున వెనక్కి వస్తున్నాయి, మళ్లీ జారుతున్నాయి. ఆయన చూపు మా ఎవరి మీదా లేదు. "నటించి ఇలా ఆడించగలిగిన మనిషి లేడు" అంది డాక్టరమ్మ. "తాగితే?" అని అడిగించింది అమ్మ. అక్కడిదాకా వచ్చీ అడిగించింది. "తాగినా కళ్లు ఆడతాయి. కానీ తాగుడుకు ఇలా ఒక్క చెవిలో మోతెక్కి, వినికిడి పోతూ వస్తూ ఉండదు. ఇది చెవి" అంది ఆవిడ. అమ్మ ఇన్నాళ్లూ నోటిదగ్గరే వెతికింది. కళ్లలోకి చూడడం అదే మొదలు.

తరవాత పరీక్షలు చేశారు. చెవి దగ్గర శ్రుతిదండం మోగించారు, గాజుగదిలో కూర్చోబెట్టి సన్నవీ లావువీ శబ్దాలు వినిపించారు. లావు శబ్దాలే నాన్నకు అందడంలేదని తేలింది. డాక్టరమ్మ ఒక కాగితం మీద నత్తగుల్ల బొమ్మ గీసి నాకు చెప్పింది, నేను అమ్మకు చెప్పాను. చెవి లోపల ఎముకలో ఇలాంటి గుల్ల ఉంటుంది. దానికి ఆనుకునే, మనం ఒరిగామో నిటారుగా ఉన్నామో చెప్పే వంకీగొట్టాలుంటాయి. వాటన్నిటి లోపలా పలచని పొరతో చేసిన సంచి, ఆ సంచిలో ఒక నీరు, సంచి బయట ఇంకో నీరు. రెండూ నీళ్లే గానీ వాటిలో కరిగిన లవణాలు వేరు. ఆ తేడా ఉండబట్టే చెవి పనిచేస్తుంది. లోపలి నీరు ఊరుతూ ఉండాలి, ఊరినంత ఇంకిపోతూ ఉండాలి. ఇంకడం తగ్గితే సంచి ఉబ్బుతుంది. ఉబ్బితే మోత, బరువు, లావు గొంతులు వినపడకపోవడం. మరీ ఉబ్బి పొర చిట్లితే రెండు నీళ్లూ కలిసిపోతాయి, నరం తికమకపడుతుంది, మనిషికి లోకం గిరగిరా తిరుగుతుంది. పొర అతుక్కోగానే మళ్లీ మామూలు. అప్పట్లో వాళ్లు అలా వివరించారు. చిట్లడం గురించి ఇప్పటి డాక్టర్లు అంత గట్టిగా చెప్పడంలేదు. "ఉప్పు తగ్గించండి. ఒంట్లో ఉప్పు ఎక్కువైతే నీరు నిలుస్తుంది. పచ్చళ్లు, అప్పడాలు, వడియాలు పూర్తిగా బంద్" అంది ఆవిడ. నేను ఆ మాట తెలుగులో చెబుతుంటే అమ్మా నాన్నా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంట్లో ఆవకాయ జాడీ అప్పటికే సగానికి వచ్చింది.

నాయనమ్మకు ఇది ఎలా చెప్పాలో ఎవరికీ తోచలేదు. అమ్మ ఆ రోజు ఉప్పు లేని పప్పు వండి నాన్నకు వడ్డించింది. నాయనమ్మ ఒక మెతుకు నోట్లో వేసుకుని చూసి, కంచం ముందే నిలబడి, "ఉప్పు లేని కూడేమిట్రా? ఉప్పూకారం తిన్న ఒంటికే రా రోషం ఉండేది. అది కూడా చంపేస్తే ఇక జీవితాంతం దీని కాళ్లదగ్గర పడుంటావని ప్లానా? డాక్టరును కూడా కలిపేసుకుందా?" అని, ఆవకాయ గరిటెతో తీసి ఆయన అన్నంలో వేయబోయింది. నాన్న కంచం మీద చేయి అడ్డం పెట్టాడు. నాన్న తల్లికి ఎదురు చెప్పడం అంతకుముందు నేను చూడలేదు. "అమ్మా, లావు గొంతులే ముందు పోతాయట. అన్నిటికంటే ముందు నీ గొంతే పోయింది నాకు. ఇంక ఆ మిగిలింది ఉండనీవే" అన్నాడు. నాయనమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. తరవాత జాడీకి మూత పెట్టి, వాసెన గట్టి, తనే మోసుకెళ్లి పైవాటా ఆంటీకి ఇచ్చేసి వచ్చింది. నమ్మిందని చెప్పను. ఊరికి వెళ్లేదాకా అమ్మ చేతులవైపు చూస్తూనే ఉంది. కానీ ఆ రోజునుంచీ నాన్నను పిలవాలంటే గొంతు సన్నం చేసుకుని, చిన్నపిల్లలా, "సుబ్బారావూ" అనేది. వినడానికి నవ్వొచ్చేది. నాన్న తిరిగేవాడు.

ఉప్పు మానాక, మాత్రలు వాడాక తిరుగుళ్లు దూరమయ్యాయి, కొన్నేళ్లకు పూర్తిగా ఆగిపోయాయి. అయితే ఆ చెవి కూడా కొంచెం కొంచెంగా ఆరిపోయింది. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితాన్ని సాహెబు చదివి ఫైల్లో పెట్టుకున్నాడు. నమ్మాడో లేదో తెలియదు. చర్య మాత్రం తీసుకోలేదు, నాన్నను డిక్టేషన్లు లేని సీటుకు మార్పించాడు. చేతిరాత చూసి టైపు చేసే పని. జీతం అదే, పెన్సిళ్లు మాత్రం చెక్కనక్కర్లేకపోయింది. రేడియో మీద గుడ్డ కప్పి ఉంచేవాడు. అమ్మ వాసన చూడడం మాత్రం పోలేదు. అనుమానం పోయాక కూడా ముక్కుకు అలవాటుండిపోయింది. నాన్నే గుమ్మంలో ఆగి, చెప్పులు విప్పకముందే నోరు తెరిచి "చూసుకో" అనేవాడు. అమ్మ సిగ్గుపడి సంచి లాక్కునేది. సెలవులకు వచ్చిన అన్నయ్యతో సహా ఎవరైనా ఉప్పులేని వంట ఏమిటని అడిగితే అమ్మ "బీపీ" అనేది. చెవిలో సంచి, సంచిలో నీరు అని మొదలుపెడితే ఎవరు వింటారు? బీపీ అంటే అందరికీ తెలుసు. పై చదువులకు అన్నయ్య మళ్లీ ఢిల్లీ వచ్చేటప్పటికి నాన్న కళ్లు తిరగడమన్నది మా ఇంట్లో పాతకథ. ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

ఆ రోజు ఇందిరాపురంలో శాలువా వదిలేసి, అన్నయ్య ఎదురుగా కూర్చుని, "చెవిలో మోత ఉందా?" అని అడిగాను. అతను ఉలిక్కిపడి, "నీకెవరు చెప్పారు?" అన్నాడు. వారం తిరక్కుండా సాకేత్‌లో ఒక చెవి డాక్టర్ దగ్గర ముగ్గురం కూర్చున్నాం. కుర్రాడు, చాలా మర్యాద, గోడమీద రంగుల తెర. అప్పుడు గాజుగదికి ఊరంతా క్యూలో నిలబడేది. ఇప్పుడు ఏ.సి. గది, మెత్తని కుర్చీ, వినికిడి గీత అప్పటికప్పుడు తెరమీద కనిపిస్తుంది. గీత ఎడమవైపు, లావు శబ్దాల దగ్గర కిందికి దిగిపోయి ఉంది. లోపల గడ్డలాంటిదేమీ లేదని తెలియడానికి ఎమ్మారై తీయించమన్నాడు. సంచిలోని ఆ నీటిని ఎండోలింఫ్ అన్నాడు, ఉప్పు అన్నాడు. మా వదిన మాత్రం తెరను నమ్మలేదు. అతని మాట మధ్యలో ఆపి, "మరి ఏలకులెందుకు నములుతున్నారు? అది అడగండి డాక్టర్ సాబ్" అంది. అన్నయ్య నేలచూపులు చూస్తూ, "వాంతి వాసన నీకు తెలియకూడదని" అన్నాడు. డాక్టర్, ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా అని అడిగాడు. "మా నాన్నకు ఉండేది" అన్నాను నేను. అన్నయ్య తలెత్తి నావైపు చూశాడు. అర్థంకాని చూపు.

బయటికి వచ్చాక వదిన మందులకు వెళ్లింది. మేమిద్దరం పక్కనే ఉన్న మాల్లో ఫుడ్‌కోర్టులో కూర్చున్నాం. చుట్టూ పిల్లల కేకలు, ట్రేల చప్పుడు, పైన పాటలు. "నాన్నకు ఉండడమేమిటి?" అన్నాడు అన్నయ్య. "ఇదే జబ్బు. నీకు తెలీదా?" అన్నాను. అతను పేపర్ కప్పును బల్లమీద అటూ ఇటూ తిప్పాడు. చివరికి, "నాన్న తాగేవాడు కదే" అన్నాడు.

అతనే చెప్పుకొచ్చాడు. ఆ రోజు మార్కెట్లో చూశానని, మెట్లమీద పిల్లలు శరాబీ కా బేటా, తాగుబోతు కొడుకు, అన్నారని, మేనమామ ఇంట్లో అదే గుసగుస అని, అమ్మ నాన్న నోరు వాసన చూడడం పెద్దయ్యాక కూడా తన కళ్లతో తను చూశానని. అందుకే జీవితంలో తను చుక్క ముట్టుకోలేదని. "ఇప్పుడు నాకూ అలాగే తిరుగుతుంటే, తాగలేదని ఎవరితో చెప్పను? అంతా కళ్లముందే చూసి నాన్నను నేను నమ్మలేదు కదా, నన్నెవరు నమ్ముతారు?" అన్నాడు. నాన్న పోయినప్పుడు అన్నయ్య చేయవలసినవన్నీ చేశాడు, లోటు రానివ్వలేదు, కంటతడి మాత్రం పెట్టలేదు. నిబ్బరం గల మనిషి అనుకున్నాం. ఆ ఫుడ్‌కోర్టులో, పేపర్ కప్పుల ముందు కూర్చుని, మా అన్నయ్య అరచేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

"ఇంటికెళ్లాక అన్నీ చెబుతాను" అన్నాను. "ఇంటికెళ్లేదాకా ఎందుకు? ఇప్పుడే చెప్పు" అన్నాడు. నేను మెల్లగా మొదలుపెట్టాను. ఆ గోలలో అతనికి వినపడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు బాగా పెంచి, "నాన్న తాగేవాడు కాదు" అన్నాను. చుట్టుపక్కల బల్లల వాళ్లు తిరిగి చూశారు. చూస్తే చూడనీ అని ఇంకా గట్టిగా చెప్పాను.